ఛైర్మన్‌గారింటికి సారె

ఏడుకొండలు సెల్‌ఫోనును రెండు చేతులా పట్టుకుని, తీర్థం పట్టేటప్పుడు వంగినట్టు కాస్త వంగి, ముందుకు చాచాడు.

“చూడండి టీచర్‌గారూ. నల్లరాయండి. అక్షరాలన్నీ బంగారం రంగు.”

సత్యవాణి కళ్లజోడు చీర చెంగుతో తుడుచుకుని చూసింది. ఫొటోలో రాయి ఏదో షెడ్డు గోడకి చేరవేసి ఉంది. పైన కాలవల కమిటీ ఛైర్మన్ జనార్దన్ పేరు. అడుగున కాంట్రాక్టరు సత్యదుర్గారావు పేరు. మధ్యలో, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో, ‘కీర్తిశేషులు నాగదుర్గాప్రసాద్ వారధి’ అని చెక్కి ఉంది.

భర్త పేరు నలుగురిలో పలకవలసిన అవసరం లేక ఆమెకు చాలా నెలలయింది. రాతి మీద చూస్తే ఎవరో తెలియని పెద్దమనిషి పేరులా ఉంది.

“బాగుందాండి?” అన్నాడు ఏడుకొండలు.

“తప్పుల్లేకుండా చెక్కారు,” అంది.

కిందటి వరదల్లో ఊరి చివర మురుగుకాలవ మీదున్న కల్వర్టు ఒక పక్కకి కుంగిపోయింది. కొబ్బరితోటలోంచి స్కూటరు మీద ఇంటికి వస్తున్న ప్రసాద్ దానితోపాటే కాలవలోకి వెళ్లిపోయాడు. వరద రోజులు కనక అందరూ గోదారినే అన్నారు. గోదారి మీద నింద వేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. కూలిన కల్వర్టు కట్టింది సత్యదుర్గారావు. ఇప్పుడు అదే చోట కొత్త వంతెన పూర్తికావచ్చింది.

“ఇదీ సత్యదుర్గారావుగారేనా కడుతున్నది?”

“ఆయ్. ఆయనేనండి. అయితే ఈసారి ఛైర్మన్‌గారు దగ్గరుండి చూసుకుంటన్నారండి. ప్రసాద్‌గారి పేరు పెట్టిందానికి తేడా రానిస్తారా అండి?” ఏడుకొండలు ఫోను జేబులో పెట్టుకున్నాడు. “గురువారం ఓపెనింగండి. రిబ్బను తమరే కత్తిరించాలంట. ‘వదినగారు ఊఁ అంటేనే ఆ పేరుతో రాయి నిలబెడతాను, లేకపోతే లేదు’ అన్నారండి. నన్నే వెళ్లి అడిగి రమ్మన్నారు.”

ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహం వెలిగింది. కొబ్బరికాయలు వలిచే మనిషి అతను. ఛైర్మన్‌గారు తనని నమ్మి పని చెప్పడం అతనికి చిన్న సంగతి కాదు.

“రేపు చెప్తానండి,” అంది సత్యవాణి.

మర్నాడు బడి వదిలాక ఆమె వంతెన దగ్గర ఆగింది. పనివాళ్లు వెళ్లిపోయారు. గట్టు వార ఇసుక పోగు ఉంది. పనులు జరిగిన ఇన్నాళ్లూ ఆమె ఆ చోటుని చూడకుండా, రోడ్డు అవతలి వైపునుంచి, దుంగల మీద దాటి వెళ్లేది. ఇవాళ దగ్గరికి వెళ్లి ఒక చిటికెడు ఇసుక తీసి నాలిక మీద వేసుకుంది.

అది ప్రసాద్ అలవాటు. చుట్టూ రొయ్యల చెరువులు వచ్చినప్పటి నుంచి అతను ఏ పూట తోటకి వెళ్లినా ఇంత మన్ను నాలికకి తగిలించి చూసేవాడు. ఉప్పెంతవరకూ వచ్చిందో అలా తెలిసేది. “కాఫీలో పంచదార సరిపోయిందో లేదో చెప్పలేరు గానీ, మట్టి రుచి మాత్రం చెప్తారు” అని ఆమె వేళాకోళం చేసేది.

ఇసుక ఉప్పగా ఉంది. గోదారి ఇసుక కాదది, సముద్రం ఒడ్డుది. అలాంటి ఇసుక కలిపిన కాంక్రీటులో ఇనుము ఎక్కువ కాలం ఉండదని ఈ ప్రాంతంలో ఇల్లు కట్టుకున్న ఎవరికైనా తెలుసు. ఆమె ఒక గుప్పెడు తీసి చెంగున ముడి వేసుకుంది. ఇంటికి నడుస్తూ రాయి గురించే ఆలోచించింది. ఆ పేరు ఈ ఇసుక మీద నిలబడబోతోంది. ఇది కూడా ఒకనాడు కుంగితే, పడినవాళ్ల ఇంట్లోవాళ్లు మొదట చదివేది ఆ పేరే.

ఆ సాయంత్రం వంట చేసుకోబుద్ధి కాలేదు. అరుగు మీద కూర్చుంది. పాత సంగతులు వాటంతటవే వచ్చాయి.

వాళ్ల సంఘానికి కాగితాల మీద చాలా పొడుగాటి పేరుండేది. జనం మాత్రం సారె సంఘం అన్నారు. అది పుట్టింది ఒక వెటకారంలోంచి. పొలం పాస్‌బుక్కు కోసం తిరిగి తిరిగి విసిగిపోయిన ప్రసాద్ ఒకరోజు గుమ్మంలో చెప్పులు విడుస్తూ, “సర్వేయరుగారికి అన్నీ అల్లుడికి జరిగినట్టే జరుగుతున్నాయే. సారె ఒక్కటే తక్కువ” అన్నాడు. ఒక్క క్షణం ఆగి తనలో తనే నవ్వుకున్నాడు. “ఆ లోటు మాత్రం ఎందుకు చెయ్యాలి?”

మర్నాడే సర్వేయరింటికి సారె వెళ్లింది. ముందు సన్నాయి. వెనక ఏడుకొండలు భుజాన కావిడి, కావిడికి రెండు పక్కలా బుట్టలు, వాటిలో పూతరేకులు, కాజాలు, చక్కెరకేళీ గెల. ఎవరూ అరవలేదు, ఒక్క నినాదం చెయ్యలేదు. ప్రసాద్ గుమ్మం ముందు నిలబడి చేతులు జోడించి, “అల్లుడుగారూ, మా మర్యాదల్లో ఇంకేమన్నా లోపం జరిగిందాండీ?” అని అడిగాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది.

ఇంటికొచ్చిన బుట్టని ఖాళీగా తిరిగి పంపకూడదని ఇక్కడివాళ్లకి పట్టింపు. నాలుగు తమలపాకులో, గుప్పెడు బియ్యమో, ఏదో ఒకటి వెయ్యాలి. “మీ ఇష్టం బాబుగారూ, ఏదన్నా వేసి పంపండి. ఖాళీగా పంపితే మీ ఇంటికే మంచిది కాదు” అన్నాడు ప్రసాద్. సాయంత్రానికి బుట్టలో పాస్‌బుక్కు వచ్చింది.

తర్వాత అదే పద్ధతయింది. పని జరిగితే బుట్టల మీద గుడ్డ కప్పి, జరిగింది జరిగినట్టు మర్చిపోయి, నిశ్శబ్దంగా వచ్చేసేవారు. ఎవరైనా మొండికేసి ఖాళీ బుట్టలు పంపితే గుడ్డ తీసేసేవారు. బోసి బుట్టలు అటూ ఇటూ ఊగుతూ ఉంటే ఏడుకొండలు వీధులన్నీ తిరిగి వచ్చేవాడు. ఎవరింటి నుంచి అని జనం అడిగేవారు. చెప్పేవాడు. అంతే.

జనార్దన్ అప్పుడు అమలాపురం కోర్టులో వకీలు. పక్క ఊరివాడే. కబురు విని వచ్చి, ప్రసాద్‌ని అన్నయ్యగారూ అని పిలిచి, ఇదే అరుగు మీద పడుకుని, పెరుగన్నంలో మాగాయ నంజుకుని తిని, సంఘాన్ని రాజోలు నుంచి కొత్తపేట దాకా, అవతల కపిలేశ్వరపురం దాకా తీసుకెళ్లాడు. బాగా మాట్లాడేవాడు. “లంచగొండిని తిట్టకండి, మర్యాద చెయ్యండి. మన గోదారోళ్ల మర్యాద తట్టుకోడం దేవుడి తరం కూడా కాదు” అంటే జనం విరగబడి నవ్వేవారు. ప్రసాద్‌తో తోటకి వెళ్లి మట్టి రుచి చూడటం కూడా నేర్చుకున్నాడు.

ఆ రోజుల్లో అతను నటించాడని సత్యవాణి ఇప్పటికీ అనుకోదు. ఆమెకు కొరుకుడుపడని సంగతి అదే. నటించి ఉంటే ఎంతో తేలిక.

ఎన్నికలొచ్చాయి. ఒక పార్టీ పిలిచింది. “లోపలికి వెళ్తేనే కదండీ ఊడ్చేది” అన్నాడు జనార్దన్. ప్రసాద్ నమ్మి, అతను గెలిచి ఛైర్మనైనప్పుడు దండ మోసుకెళ్లాడు. తర్వాత పాత కల్వర్టు బీటలు చూసి, ఇంజనీరుగారింటికి సారె పంపుదామని ప్రసాద్ అన్నప్పుడు, “కాస్త ఆగండి అన్నయ్యగారూ, లోపల్నుంచి నేను చూస్తాను” అన్నాడు. ప్రసాద్ ఆగాడు. వరద ఆగలేదు. పాడె ఒక కొమ్ము జనార్దనే మోశాడు. శ్మశానం దగ్గర అతను ఏడ్చిన ఏడుపు నిజమైనదేనని కూడా ఆమెకు తెలుసు.

పొద్దున్నే జవాబు కోసం ఏడుకొండలు వచ్చేసరికి ఆమె తలదువ్వుకుని సిద్ధంగా ఉంది.

“కావిడి ఉందాండీ, ఏడుకొండలుగారూ?”

“ఉందండి. మా చావిట్లోనే చూరుకి కట్టుంది. ఎందుకండి?”

“ఛైర్మన్‌గారింటికి సారె పట్టుకెళ్దాం.”

అతను సంతోషంతో చేతులు నలుపుకున్నాడు. “మంచి ఆలోచనండి! అంత రాయి పెడతంటే మనం కూడా మర్యాద జరిపించాలి గదండి. బుట్టలు కడిగి తెచ్చేత్తాను.”

అతను ఎలా అర్థం చేసుకున్నాడో ఆమెకు తెలిసింది. సరిచెయ్యకుండా, అరిటాకు కోసుకురావడానికి పెరట్లోకి వెళ్లింది.

జనార్దన్ కొత్త ఇల్లు ఏటిగట్టు దిగాక మెయిన్ రోడ్డు మీద ఉంది. గేటు దగ్గర మనిషి కావిడి చూడగానే లేచి, “సారేనాండి? ఆ వరండాలో దించేయండి. పొద్దున్నించి వస్తానే ఉన్నాయి” అన్నాడు. వరండా నిండా స్వీటు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అరటిగెలలు గోడకి వరసగా ఆనించి ఉన్నాయి. ఏడుకొండలు తన కావిడి ఎక్కడ దించాలో తెలియక కాసేపు భుజం మీదే ఉంచుకుని నిలబడ్డాడు.

లక్ష్మీతులసి లోపల్నుంచి గబగబా వచ్చింది. జనార్దన్ భార్య. మంచి మనిషి.

“అయ్యో అక్కయ్యగారూ, ఎండనపడి నడిచొచ్చేరా? ఒక్క ఫోను చేస్తే కారు పంపుదుం కదండీ! కూర్చోండి, కూర్చోండి. ఏవండీ, ఎవరొచ్చేరో చూడండి.”

జనార్దన్ ఫోను చెవి దగ్గర పెట్టుకునే గుమ్మంలోకి వచ్చాడు. కావిడి చూసి ఆగిపోయాడు. పాత కావిడి, పాత మనిషి, ప్రసాద్ నేయించిన బుట్టలు. ఆ కావిడితో వచ్చే సారె అంటే ఏమిటో ఆ ఇంట్లో తెలిసినవాడు అతనొక్కడే. కళ్లు బుట్టల మీద ఒక్క క్షణం నిలిచాయి. అంతలోనే ఫోను కట్టేసి నవ్వాడు.

“వదినగారూ! మనలో మనకి సారెలేంటండీ?”

“మర్యాదలో లోపం రాకూడదని మీరే కదండీ చెప్పేవారు.”

“ఇంకా మర్చిపోలేదన్నమాట!” అంటూ కూర్చున్నాడు. “ఏవోయ్ ఏడుకొండలూ, వదినగారు ఊఁ అన్నట్టేనా?”

ఏడుకొండలు ఆమె వైపు చూశాడు. సత్యవాణి రెండో బుట్టలోంచి అరిటాకు పొట్లం తీసి విప్పింది.

“వంతెన దగ్గర ఇసుకండి. ఆయన ఉంటే నాలిక మీద వేసుకుని చూసేవారు. మీకూ అలవాటేగా. ఒక్కసారి చూడండి.”

జనార్దన్ నవ్వు సగంలో ఆగింది. అతను చెయ్యి చాచి, చిటికెడు తీసుకుని, నాలిక మీద వేసుకున్నాడు. తర్వాత మింగాడు.

“బాగానే ఉందండి,” అన్నాడు ఏడుకొండలు వైపు చూసి. “గోదారి ఇసుకే.”

లక్ష్మీతులసి మంచినీళ్లు తెచ్చింది. అందరికంటే ముందు అతనే గ్లాసు అందుకుని అడుగంటా తాగాడు. “ఇంకో గ్లాసు” అన్నాడు.

సత్యవాణి ఆ గ్లాసు వైపు చూసి, చూపు తిప్పుకుంది.

“అయితే ఒక్క మనవండి. ఆ రాయి మీద ఆయన పేరు తీయించెయ్యండి.”

“అదేంటండీ! ఈ వంతెన రావడమే అన్నయ్యగారి కోసం. ఆ పేరు కోసం పైవాళ్లతో ఎంత పోట్లాడేనో తెలుసాండి మీకు?”

“పోట్లాడే ఉంటారు. కాదనను.”

జనార్దన్ కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని గొంతు తగ్గించాడు. “వదినగారూ, అన్నీ ఒక్కసారే కుదరవండి. సత్యదుర్గారావుని వద్దంటే ఓపెనింగే ఆగిపోద్ది. ఈ వర్షాలకి కూడా మీ బడిపిల్లలు దుంగల మీంచే దాటాలి. అది మంచిదాండి? ముందు ఏదో ఒకటి రానివ్వండి. అన్నయ్యగారున్నా ఇదే అందురు.”

ఆ చివరి మాటకి ఆమె పొట్లం మళ్లీ మడిచి చేతిలోకి తీసుకుంది.

“ఆయన ఏమందురో మనిద్దరికీ తెలీదండి. ఇసుక సంగతి నేను పైకి రాసుకుంటాను. మీతో వాదించడానికి రాలేదు. ఆ పేరు నాది. బుట్టలో అదొక్కటీ వేసి పంపండి.”

“రాయి చెక్కడం అయిపోయింది కదండీ,” అన్నాడు జనార్దన్. అని ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

లక్ష్మీతులసికి ఈ మాటల్లో సగమే అర్థమయింది. బుట్టలు ఖాళీ చేయించిందామె. ఖాళీ బుట్టలు తిరిగి వెళ్లకూడదు గనక, పక్కనున్న దొంతరలోంచి రెండు స్వీటు పెట్టెలు తీసి వాటిలో సర్దింది. పెట్టెల మీద సత్యదుర్గారావు కంపెనీ పేరున్న కాగితం అంటించి ఉంది. ఆమె అది చూసుకోలేదు. అలవాటుకొద్దీ కుంకుమ భరిణె కూడా అందుకుని, సత్యవాణి నుదురు చూసి, ఆ చెయ్యి అక్కడే ఆపేసింది. మొహం చిన్నబుచ్చుకుని భరిణె వెనక్కి పెట్టేసింది.

సత్యవాణి లేచి, పెట్టెలు రెండూ తీసి ఉయ్యాల బల్ల మీద పెట్టింది.

“ఏమీ అనుకోకమ్మా తులసీ. ఇవాళ ఖాళీగానే వెళ్తాం.”

“అలా వెళ్లకూడదండి అక్కయ్యగారూ! ఇంటికి మంచిది కాదండి. ఏవండీ, మీరన్నా చెప్పండి.”

జనార్దన్ తలెత్తలేదు.

ఇద్దరూ ఏటిగట్టు ఎక్కారు. బుట్టల మీద గుడ్డ సత్యవాణే కప్పింది. నలుగురిలో పడాలని ఆమెకు లేదు. అడగవలసింది అడిగింది, రాలేదు, ఇంటికి వెళ్లి తలుపేసుకుంటే సరిపోతుంది అనుకుంది. ఒక పక్క కొబ్బరితోటలు, ఒక పక్క ఎండకి తెల్లగా మెరుస్తున్న నది. ముందు నడుస్తున్న ఏడుకొండలు ఉన్నట్టుండి ఆగి కావిడి కిందికి దించాడు.

“టీచర్‌గారూ, ఆ పొట్లం ఇలా ఇవ్వండి.”

ఇచ్చింది. అతను కాస్త ఇసుక నోట్లో వేసుకున్నాడు. వెంటనే పక్కకి తిరిగి ఉమ్మేశాడు. మళ్లీ ఉమ్మాడు. భుజం మీది తువ్వాలుతో మూతి తుడుచుకుని నది వైపు తిరిగి నిలబడ్డాడు.

“ఉప్పండి.”

“అవునండి.”

“నేనక్కడే ఉన్నాను గదండి. నా మొహం చూస్తా అన్నారండి ఆ మాట.” అతని గొంతులో కోపం లేదు, దారి తప్పినవాడి తడబాటు ఉంది. “నాకు తెలుస్తాదని ఆయనకి తెలుసండి. అయినా అన్నారు.”

సత్యవాణి ఓదార్చబోయింది. తనకి ఎవరైనా చెప్పిన వాటిలో పనికొచ్చిన మాట ఒక్కటీ లేదని గుర్తొచ్చి, పొట్లం అతని చేతిలోంచి తీసుకుని మడిచింది.

ఏడుకొండలు వంగి బుట్టల మీది గుడ్డ లాగేశాడు. మడిచి భుజాన వేసుకున్నాడు. “ఇది కప్పక్కర్లేదండి” అని కావిడి ఎత్తుకున్నాడు.

ఆమె వద్దనలేదు.

ఊళ్లోకి వచ్చేసరికి బోసి బుట్టలు రెండూ అతని నడకకి ఊగుతున్నాయి. ఆ దృశ్యం చూసి జనానికి ఎన్నాళ్లయిందో. కిరాణా కొట్టు దగ్గర మాటలు ఆగాయి. అరుగు మీద కూర్చుని కొబ్బరాకు ఈనెలు తీస్తున్న పోలమ్మ కత్తి పక్కన పెట్టి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

“ఒరే ఏడుకొండలూ, ఇన్నాళ్లకి మళ్లీ మొదలెట్టేరేటిరా? ఎవరింటి నుంచి?”

“ఛైర్మన్‌గారింటి నుంచే అత్తా.”

“ఏ ఛైర్మన్‌గారు?”

“మన ఛైర్మన్‌గారే.”

పోలమ్మ కత్తి మళ్లీ చేతిలోకి తీసుకుంది గానీ, ఈనె తియ్యలేదు. ఏడుకొండలు తిన్నగా ఇంటికి వెళ్లకుండా, పాత రోజుల్లోలాగే, కాలవ వీధి, చిన్న వీధి, బస్టాపు అన్నీ తిరిగాడు. సత్యవాణి గొడుగు వేసుకుని వెనకే నడిచింది. ఎక్కడా ఎవరూ నవ్వలేదు.

గురువారం ఆమె సెలవు పెట్టలేదు. ఎనిమిదో తరగతికి పాఠం చెప్తుంటే కాలవ వైపు నుంచి డప్పులు, తర్వాత మైకులో ఉపన్యాసాలు వినిపించాయి. జనార్దన్ గొంతు కూడా వినిపించింది. మాటలు తెలియలేదు, ఆ గొంతులోని ఎగుడుదిగుడు మాత్రం తెలిసింది. అది విని ఒకప్పుడు ఆమె కూడా చప్పట్లు కొట్టింది. బోర్డు మీద రాస్తున్న వాక్యం పూర్తి చేసి, సుద్దముక్క కింద పెట్టి, కిటికీ రెక్క వేసింది.

బడి వదిలాక వెళ్లి చూసింది. షామియానా విప్పేస్తున్నారు. వంతెన పిట్టగోడ మీద బంతిపూల దండలు వేలాడుతున్నాయి. నల్లరాయి దాని చోట అది ఉంది. పైన జనార్దన్ పేరు, కింద సత్యదుర్గారావు పేరు. మధ్యలో సిమెంటు మెత్తి ఉంది. ఇంకా తడి ఆరలేదు.

ఆమె దగ్గరికి వెళ్లి అరచెయ్యి దాని మీద ఆనించింది. కింద అక్షరాలున్నాయని తెలిసినవాళ్లకే తెలుస్తుంది. అడిగింది ఇదే. ఇచ్చారు. సంతోషం కలుగుతుందేమోనని కాసేపు చూసింది. కలగలేదు, కానీ చాలా రోజుల తర్వాత ఊపిరి లోపలిదాకా వెళ్లినట్టనిపించింది. చెయ్యి తీసి చెంగుకి తుడుచుకుంది.

ఏడుకొండలు వంతెన ఇవతలే నిలబడి ఉన్నాడు. సభకి వెళ్లలేదని అతని మాసిన లుంగీ చూస్తే తెలుస్తోంది.

“రాత్రే మెత్తేసేరంటండి,” అన్నాడు. “పేరుంటే జనం అడుగుతారని భయపడ్డారు గావాల.”

“ఊఁ.”

“పేరైతే వచ్చేసిందండి.” అతను కాలితో గట్టు మీది ఇసుక గీరాడు. “ఇది మాత్రం ఇలాగే ఉంది.”

“ఇంజనీరుగారి ఇల్లెక్కడో తెలుసాండి మీకు?”

“కనుక్కుంటానండి. కావిడి విప్పలేదు. వాకిట్లోనే పెట్టేను.”

బడిపిల్లలు కొందరు అరుచుకుంటూ పరుగున వచ్చి, కొత్త వంతెన ముందు టీచరు నిలబడి ఉండటం చూసి ఆగారు. సత్యవాణి గొడుగు తెరిచింది.

“రండమ్మా, గట్టు మీంచి చుట్టూ తిరిగి వెళ్దాం. కొంచెం దూరమే.”